మొగ్గు తొంభై ఒకటి

మూడో రోజు పొద్దున పదకొండు గంటలకి తాడికొండ విశ్వపతిగారు మూడువందల పన్నెండో కేసు చదువుతున్నారు. గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, కుర్చీకి తెల్ల తువ్వాలు, పక్కన మూతపెట్టిన మంచినీళ్ల గ్లాసు. అద్దానికి అవతల డాక్టర్ కొప్పరపు హైమ తెర మీద గీతలు చూస్తోంది.

కేసు చిన్నదే. ప్రతిపక్షం వాళ్లు అనుమతి లేకుండా ఊరేగింపు తీశారు, పోలీసులు లాఠీలు ఝళిపించారు, నలుగురికి తలలు పగిలాయి. తప్పెవరిది? విశ్వపతిగారు పావుగంట చదివి, "పోలీసులది తప్పు లేదు" అని రాసి కింద సంతకం పెట్టారు.

మొదటిరోజు మధ్యాహ్నం కూడా ఆయన ఈ కేసే చదివారు. అప్పుడు ఊరి పేరు వేరు, మనుషుల పేర్లు వేరు. ఊరేగింపు తీసింది మాత్రం అధికారంలో ఉన్నవాళ్లు. ఆరోజు "పోలీసులది పూర్తిగా తప్పు" అని రాశారు, రెండు పేజీలు, మంచి భాషలో. రెండూ ఒకే కేసని ఆయనకి తట్టలేదు. తడితే ఇక యంత్రమెందుకు?

యంత్రం పేరు గీటురాయి. అదేదో బ్రహ్మవిద్య అనుకోకండి. న్యాయమూర్తి కావాలనుకునేవాళ్లని మూడు రోజులు గదిలో కూర్చోబెట్టి నాలుగువందల కేసులు చదివిస్తారు. నిజానికి అవి రెండువందలే. ప్రతి కేసూ రెండుసార్లు వస్తుంది, రెండోసారి కక్షిదారుల జెండాలు తారుమారై వస్తుంది. కుర్చీలో, బల్లలో, కళ్లజోడులో సెన్సర్లుంటాయి. ఏ వాక్యం దగ్గర కన్ను ఆగింది, ఎక్కడ చెయ్యి చెమర్చింది, ఏ పేరు చూడగానే కలం తొందరపడింది, అన్నీ లెక్కకట్టి చివరికి ఒక అంకె ఇస్తుంది. ఆ అంకెని మొగ్గు అంటారు. సున్నా వస్తే ఆ మనిషికి ఏ జెండా అయినా ఒకటే. వంద వస్తే తీర్పు రాయడానికి కేసు చదవక్కర్లేదు, జెండా చూస్తే చాలు. అంతేకాదు, ఇంకా రాని కేసులో ఆ మనిషి ఏ తీర్పు ఇస్తాడో కూడా గీటురాయి ముందే చెప్పగలదు. వెయ్యి తీర్పుల్లో మూడింట మాత్రమే తప్పింది.

విశ్వపతిగారి మొగ్గు తొంభై ఒకటి. విచిత్రమేమిటంటే ఆయనకి ఏ పార్టీ మీదా ప్రేమ లేదు. ఎవరు గెలిచి కుర్చీ ఇస్తే వాళ్లవైపే. హైమ ఆ అంకె చూసి, "ఈయన పని అయిపోయింది" అనుకుని ఫైలు మూసేసింది. తెలివైన మనిషే, పాపం అమాయకురాలు.

ఇదంతా 2081లో, తీరాంధ్ర గణరాజ్యంలో, రాజధాని రేవుపట్నంలో జరిగింది. ఈ దేశం సంగతి కొంచెం చెప్పాలి. అక్కడ రెండే పార్టీలు, గవ్వ గుర్తుదొకటి, తెడ్డు గుర్తుదొకటి. అందరికన్నా పైన సర్వోన్నత ధర్మాసనం, తొమ్మిదిమంది న్యాయమూర్తులు. ఎన్నికల ఫలితం మధ్యాహ్నం తేలితే సాయంత్రానికి ఆ తొమ్మిదిమందీ "ఆరోగ్యం బాగాలేక" రాజీనామా చేసేవారు. మర్నాడు కొత్త తొమ్మిదిమంది వచ్చేవారు. ధర్మాసనం ఆవరణలో బంట్రోతులు కుర్చీలకి తువ్వాళ్లు మార్చేవాళ్లు. ఊరివాళ్లు రేడియో వినక్కర్లేదు, దండెం మీద ఆరేసిన పాత తువ్వాళ్లు చూస్తే ప్రభుత్వం మారిందని తెలిసిపోయేది.

దానితో ఇంకో ఆచారం. కొత్త ధర్మాసనం వస్తే పాత విచారణలు చెల్లవు. సాక్ష్యాలతో సహా అన్నీ మొదటినుంచి. రెండు ఎన్నికల మధ్య తీర్పు వచ్చిందా, సరే. వచ్చినా కొత్తవాళ్లు దాన్ని తిరగదోడేవాళ్లు.

ఈ ఆచారానికి బలైన ఊరు గెడ్డమూల. సముద్రం ఒడ్డున రెండువందల ఎనభై గడపల జాలరిపేట. అక్కడ లోతురేవు కట్టాలని ప్రభుత్వం ఊరు ఖాళీ చెయ్యమంది. గవ్వ ప్రభుత్వమూ అంది, తెడ్డు ప్రభుత్వమూ అంది, ఆ ఒక్క విషయంలో రెండింటికీ ఏకాభిప్రాయం. ఊరి తరఫున పెద్ద సాక్షి సూరాడ నూకరత్నం. పధ్నాలుగేళ్లలో ఆవిడ నాలుగు ధర్మాసనాల ముందు నాలుగుసార్లు సాక్ష్యం చెప్పింది. మూడోసారి ఆ కేసు ఉచితంగా వాదించిన వకీలు రేవూరి చక్రధర్. అప్పటికి హైమకి అతను మంచి స్నేహితుడు. ఇద్దరూ కలిసి ధర్మాసనం సంస్కరణ ఉద్యమం నడిపారు, పదకొండేళ్లు. అతను వాదించాడు, ఆవిడ యంత్రం కట్టింది. సభల్లో నూకరత్నం వేదికెక్కి, "ఈ అమ్మ మిషను పెడితే మా సాచ్ఛం ఒక్కపాలి సెప్తే సాలు" అనేది. జనం చప్పట్లు కొట్టేవాళ్లు.

చక్రధర్ తెడ్డు పార్టీలో చేరాడు. "లోపలికెళ్తేనే పని అవుతుంది హైమా" అన్నాడు. తెడ్డు పార్టీ గెలిచింది, అతను న్యాయశాఖ మంత్రి అయ్యాడు. ఆర్నెల్లలో చట్టం పాసైంది. దేశమంతా మిఠాయిలు పంచుకున్నారు.

చట్టంలో ముఖ్యమైన మాటలు మూడు. అందరికీ గీటురాయి పరీక్ష తప్పనిసరి, అంకెలు మాత్రం సీల్డు కవరులో నియామక సంఘానికే తెలియాలి, బయటపెడితే జైలు. న్యాయమూర్తి కుర్చీ పన్నెండేళ్లు పదిలం, ఎన్నికల్లో ఎవరు గెలిచినా కదిలించకూడదు. మూడోది నిలకడ నిబంధన. పెద్ద కేసుల్లో గీటురాయి ముందే చెప్పిన జోస్యం రిజిస్ట్రారు దగ్గర కవరులో ఉంటుంది. తీర్పు తర్వాత తెరుస్తారు. న్యాయమూర్తి తన జోస్యానికి విరుద్ధంగా వెళ్తే ఆయన ఓటు ఆపి నిలకడ సంఘం ఆ అంకెలు తెప్పించుకుని విచారణ చెయ్యాలి, నిలకడ లేదని తేలితే కుర్చీ ఖాళీ.

ఆ మూడోది హైమ స్వయంగా రాసింది. గెడ్డమూల రెండో విచారణలో ఒక పెద్దమనిషి, అందరూ దేవుడనుకున్నవాడు, రాత్రికి రాత్రి మాట మార్చి ఊరికి ఎదురు తీర్పు ఇచ్చాడు. అతన్నెవరో బెదిరించారని తర్వాత తెలిసింది. అప్పటినుంచి హైమ మనసులో ఒకటి నాటుకుపోయింది. మనిషి హఠాత్తుగా మారాడంటే ఎవరో కొన్నట్టు, లేదా ఎవరో భయపెట్టినట్టు. మంచికి మారేవాడొకడు ఉంటాడని ఆవిడకి తట్టలేదు. నాలుగువందల కేసులు తయారుచేసిన మనిషికి ఆ ఒక్క కేసు తట్టకపోవడం చూడండి!

పరీక్షలన్నీ అయ్యాక, నియామకాల రోజు హైమ ధర్మాసనం మెట్ల దగ్గర నిలబడింది. ఎర్ర పటకా కట్టుకున్న దఫేదారు ఒక్కొక్క న్యాయమూర్తి ముందు నడుస్తూ, "పరాక్!" అని పేరు చదువుతున్నాడు. మొదటి నలుగురూ మంచివాళ్లు, మొగ్గు పదిలోపే. హైమ పొంగిపోయింది. అయిదో పేరు విని ఉలిక్కిపడింది. మొగ్గు ఎనభై నాలుగు. ఆరో ఆయన ఎనభై ఎనిమిది. ఏడు, ఎనిమిది కూడా ఆ బాపతే. తొమ్మిదోవాడు తాడికొండ విశ్వపతి.

ఆవిడ నేరుగా మంత్రి గదిలోకి వెళ్లింది.

"చక్రధర్, జాబితా తప్పు చదివారు. పెద్ద అంకెవాళ్లని తీసుకున్నారు!"

చక్రధర్ లేచి తలుపు మూశాడు. "కూర్చో హైమా. టీ తాగుతావా?"

"టీ ఏమిటి! అయిదుగురు..."

"అయిదుగురు మనవాళ్లు. నలుగురు నీవాళ్లు. అందరూ నీవాళ్లే కావాలంటే మా పార్టీవాళ్లు చట్టమే ఒప్పుకునేవాళ్లు కాదు."

"ఇదివరకు ఎవరు మనవాళ్లో ఊహించి వేసేవాళ్లు," అంది. "సగం మంది తర్వాత ఎదురుతిరిగేవాళ్లు. ఇప్పుడు..."

"ఇప్పుడు ఊహలు అక్కర్లేదు. నీ యంత్రం వెయ్యికి మూడే తప్పుతుంది." అతను నవ్వలేదు, సిగ్గు కూడా పడలేదు. "పన్నెండేళ్లు. రేపు మేం ఓడిపోయినా సరే. ఇదివరకు తువ్వాలన్నా మారేది."

"గెడ్డమూల కేసు నువ్వే కదా వాదించింది! ఆ ముసలమ్మ ఇంట్లో అన్నం తిన్నావు. నీ పేరు చెప్పి దణ్ణం పెట్టుకుంటోంది అక్కడ!"

"రేవు దేశానికి అవసరం," అన్నాడు చక్రధర్, కిటికీ వైపు తిరిగి. "అంకెలు బయటపెడితే జైలని నీకు గుర్తుంది కదా. ఆ వాక్యం కూడా నువ్వే అడిగావు, అభ్యర్థుల పరువు కోసం."

నమ్మి నానబోస్తే ఇలాగే ఉంటుందని ఎవరైనా అనొచ్చు. హైమ ఇంటికెళ్లి, పదకొండేళ్లుగా గోడకున్న ఇద్దరి ఫోటో తీసి, మేకు కూడా పీకేసింది.

ఆ నెలలోనే గెడ్డమూల కేసు అయిదోసారి పిలుపుకొచ్చింది. నూకరత్నం చేపల వాసనేసే సంచితో హైమ ప్రయోగశాలకి వచ్చి, గడప దగ్గరే కూచుంది.

"తల్లీ, నీ మిషను సెప్పేస్తాదంట కదా. మా ఊరు ఉంటాదా, పోతాదా?"

"చెప్పకూడదు నూకరత్నమ్మా. చట్టం."

"సట్టం నువ్వే కదే రాసినావు?"

హైమ తల దించుకుంది. ముందురోజే జోస్యం కవర్లో పెట్టి సీలు వేసింది. ఊరికి అనుకూలం నలుగురు, వ్యతిరేకం అయిదుగురు. ముసలమ్మ ఆవిడ మొహం చూసింది. సముద్రం మీద నలభయ్యేళ్లు మబ్బు చూసి పడవ తిప్పుకున్న మనిషి, ఆ మాత్రం అర్థంకాదా? "సరేలే," అంది లేస్తూ. "సెప్పీది సెప్తాను. పిల్సినాక ఎల్లకపోతే బాగోదు."

విచారణరోజు హాలు కిక్కిరిసింది. నూకరత్నం బోనెక్కి ప్రమాణం చేసింది. సముద్రంలోంచి ఇంటికి ఎలా వస్తారో చెప్పమన్నాడు ఊరి వకీలు. చెప్పింది. ఊరి వెనక బోడికొండ, ఊరి ముందు సున్నం కొట్టిన సత్రం. రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చేదాకా పడవ తిప్పుతారు. అప్పుడు రాళ్ల మధ్య దారి కుదురుతుంది. సత్రం కూలిస్తే కొండ ఒక్కటే మిగుల్తుంది, ఒక్క గుర్తుతో దారి తెలీదు. తన పెనిమిటి సముద్రంలో పోయిన ఏడు సత్రానికి ఎవరూ సున్నం వెయ్యలేదు, వానకి నల్లబడిపోయింది, ఆయనకి కనిపించలేదు. ఏడవకుండా చెప్పింది. చెప్పి చెప్పి ఏడుపు ఎక్కడో అరిగిపోయింది.

విశ్వపతిగారు అప్పటికి వ్యతిరేక తీర్పు సగం రాసేశారు. వినడం ఆయన అలవాటు కాదు. కానీ ఆ గొంతులో ఏముందో, తలెత్తారు.

"అమ్మా, ఇదంతా ఇంత గడగడా చెప్తున్నావు. ఎన్నోసారి చెప్పడం?"

"అయిదోపాలి బాబూ. మొదటిపాలి సెప్పినప్పుడు నాకు పళ్లన్నీ ఉండీవి."

హాలంతా నవ్వింది. పక్క న్యాయమూర్తులు కూడా నవ్వారు. విశ్వపతిగారు నవ్వలేదు. ఆవిడ బోసినోటి వైపు చూస్తూ ఉండిపోయారు. తర్వాత కలం మూత పెట్టి, రాసిన కాగితాన్ని నాలుగు మడతలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

తీర్పు అయిదు నాలుగుతో వచ్చింది, ఊరికి అనుకూలంగా. రేవు ఆగింది. గెడ్డమూలలో డప్పులు మోగాయి. నూకరత్నం సత్రానికి మళ్లీ సున్నం కొట్టించింది.

నాలుగోరోజు రిజిస్ట్రారు కవరు తెరిచాడు. విశ్వపతిగారి పేరు పక్కన వ్యతిరేకం అని ఉంది.

నిలకడ సంఘంలో ముగ్గురు పెద్దలు, అధ్యక్షుడు వేమవరపు పానకాలరావుగారని పాతకాలపు వకీలు, మర్యాదస్తుడు. మొదటి సాక్షి డాక్టర్ హైమ.

"గీటురాయి తప్పు చెప్పిందా అమ్మా?" అన్నాడాయన మృదువుగా.

అక్కడే ఆవిడకి ఉచ్చు కనిపించింది. తప్పు చెప్పిందంటే యంత్రమే చెల్లదు, చట్టం కూలుతుంది, ఆ నలుగురు మంచివాళ్లు కూడా ఇంటికి పోతారు, మళ్లీ తువ్వాళ్ల రోజులు. సరిగ్గా చెప్పిందంటే విశ్వపతి అమ్ముడుపోయినట్టు. శాస్త్రవేత్త కదా, శాస్త్రవేత్తకి తోచిందే తోచింది.

"అప్పుడు సరిగ్గానే చెప్పిందండి. మనిషి మారాడు. ఆయన్ని ఎవరూ కొనలేదు, సాక్ష్యం విన్నాడు, అంతే. మీరు ఒప్పుకుంటే కొత్త కేసులతో మళ్లీ పరీక్ష చేస్తాను. అమ్ముడుపోయినవాడైతే పాత మొగ్గే వస్తుంది. గీటురాయిని ఎవరూ మోసం చెయ్యలేరు."

సంఘం ఒప్పుకుంది. విశ్వపతిగారు మళ్లీ ఆ గదిలో మూడు రోజులు కూర్చున్నారు. ఈసారి ప్రతి కేసూ రెండేసిసార్లు చదివారు. ఒకచోట కాగితం పక్కన పెట్టి, "ఇందులో ఊరివాళ్ల మాట లేదేమిటండీ?" అని అద్దంకేసి అడిగారు కూడా. అవతల హైమకి కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరిరోజు అంకె వచ్చింది. పదకొండు.

ఆవిడ ఆ కాగితం పట్టుకుని మెట్లు రెండేసి ఎక్కుతూ పరుగెత్తింది. తన జీవితంలో అంతకన్నా సంతోషించిన రోజు లేదని తర్వాత తనే చెప్పింది. సంఘం ముందు పెట్టి, "చూడండి! తొంభై ఒకటి నుంచి పదకొండు! పరీక్షకి వచ్చిన మూడువందలమందిలో ఇంత చిన్న అంకె పదిమందికైనా రాలేదు!" అంది.

పానకాలరావుగారు కళ్లజోడు తుడుచుకుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. ప్రభుత్వ వకీలు వాదన మొదలెట్టకుండానే ఫైలు కట్టేశాడు. అతనికి అవసరం లేకపోయింది.

"గణరాజ్యం నియమించింది తొంభై ఒకటి మొగ్గున్న వ్యక్తిని," అన్నారు పానకాలరావుగారు. "ఇప్పుడు కుర్చీలో ఉన్నది పదకొండు మొగ్గున్న వ్యక్తి. మొగ్గు మంచిదా చెడ్డదా అని చట్టం మమ్మల్ని అడగలేదమ్మా. మారిందా లేదా అని అడిగింది. మారిందని మీరే రుజువు చేశారు, ఇంతకన్నా గట్టి సాక్ష్యం నేను నా జన్మలో చూడలేదు. నిలకడ లేదని తేలింది. కుర్చీ ఖాళీ. ఓటు చెల్లదు. కొత్త న్యాయమూర్తితో కేసు మొదటినుంచి వినాలి."

హైమ రెండు కాగితాలూ తీసుకుని ఆవరణలోకి వచ్చింది. చక్రధర్ చేసింది ద్రోహమే, దానికి తిట్టుకోవడానికి ఒక మనిషున్నాడు. ఇది తన చేత్తో రాసిన వాక్యం, తన యంత్రం ఇచ్చిన అంకె, తనే పరుగెత్తుకొచ్చి ఇచ్చిన కాగితం. ఎవర్ని తిట్టుకోవాలి?

విశ్వపతిగారు వెళ్లిపోతూ ఆవిడ దగ్గర ఆగారు. "బాధపడకండి డాక్టరుగారూ. ముప్ఫయ్యేళ్లు ఎవరు గెలిస్తే వాళ్ల మాట విన్నాను, ఒక్కరూ నన్ను విచారించలేదు. ఒక్కరోజు ముసలమ్మ మాట విన్నాను." ఆయన దండెం మీదున్న తన తువ్వాలు తీసుకుని మడతపెట్టి చంకలో పెట్టుకున్నారు. "ఇది నాదే. ఇంటినుంచి తెచ్చుకున్నాను."

కొత్త న్యాయమూర్తిని పదిరోజుల్లో వేశారు. జాబితాలో ఆయన పేరు హైమకి తెలుసు. తొంభై మూడు.

ఆరో విచారణరోజు హాలు బయట బెంచీ మీద నూకరత్నం కూచుని ఉంది. పక్కన హైమ. ఊరిలో డప్పులు కొట్టినవాళ్లెవరూ ఈసారి రాలేదు. సున్నం మరక ఇంకా ముసలమ్మ చీర అంచున ఉంది.

"ఈ కొత్తాయన ఎలాటోడే తల్లీ?"

హైమ ఈసారి చట్టం మాట ఎత్తలేదు. జైలైతే జైలు. "తొంభై మూడు. విశ్వపతిగారికన్నా ఎక్కువ."

నూకరత్నం తలూపింది. "సర్లే. ఆ బాబూ మొదట్లో అలాటోడేనంట కదా. ఇన్నాక మారినాడు. ఈయనకీ నిదానంగా సెప్తాను. ఇనొచ్చు."

హైమ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇది చెప్పకుండా ఉండటం ఇంకో ద్రోహమనిపించింది. "వింటాడేమో నూకరత్నమ్మా. విని మారితే, నిలకడ లేదని ఆయన్నీ తీసేస్తారు. ఇంకొకణ్ణి వేస్తారు. మారనివాడు దొరికేదాకా ఇంతే."

లోపల దఫేదారు, "సాక్షి సూరాడ నూకరత్నం!" అని కేకేశాడు. ఆవిడ లేవలేదు. రెండోసారి కేకేశాడు.

"మారితే తీసేస్తారు. మారకపోతే ఊరు తీసేస్తారు," అంది మెల్లిగా, హైమ మొహంలోకి చూస్తూ. "మరైతే నన్నెందుకే పిలుస్తన్నారు తల్లీ?"

దఫేదారు మూడోసారి పిలిచాడు. మూడోసారికి వెళ్లకపోతే సాక్షి రాలేదని రాసుకుంటారు. నూకరత్నం బెంచీ మీద చెయ్యి ఆనించి లేచి, కొంగు సర్దుకుని, లోపలికి నడిచింది.